గడప లోపలికి వచ్చిన కుక్కపిల్ల

మా రోజుల్లో అనంతపురం పల్లెల్లో కుక్క చోటు వాకిట్లోనే. మందకాడి కుక్కలు రాత్రంతా తోడేళ్లకు కాపు కాసేవి. ఇంటికాడి కుక్క అరుగు కింద పడుకునేది, శెనిక్కాయల కాలం వస్తే కళ్లంలో కుప్ప పక్కన. పొద్దున ఒక సంగటి ముద్ద, మాపటికి ఇంకొకటి, దాని మీద ఇంత మజ్జిగ. తిన్నాక బీడులోకి పోయి దాని పని అది చూసుకొని వచ్చేది. మేం దానికి నేర్పింది ఒక్కటే, గడప దాటి లోపలికి రాకూడదని. అదీ మా జేజి ఒకటి రెండుసార్లు కసిరితే సరిపోయేది. ఎప్పుడైనా కూన నడిమింట్లోకి దూరి తడిపినా అది మట్టి నేల. పేడతో అలికితే ఆ వాసనా ఉండేది కాదు, దాని మీద తగువూ ఉండేది కాదు.

ఇప్పుడు టౌన్లో ఏ అపార్ట్‌మెంటుకు పోయినా షిట్జూలు, పగ్‌లు, పామేరియన్లు. (మనం పామేరియన్ అని పిలిచే తెల్ల కుక్కల్లో చాలావరకు నిజానికి ఇండియన్ స్పిట్జ్‌లు. అవన్నా మన ఎండకు కాస్త అలవాటు పడినవి.) నాలుగో అంతస్తు, టైల్స్ నేల, మట్టి కావాలంటే బాల్కనీలో తులసి కుండీ ఒక్కటే దిక్కు. తొమ్మిదింటికల్లా భార్యాభర్తలు ఉద్యోగాలకు, పిల్లలు బడికి. సాయంత్రం తలుపు తీస్తే హాలంతా తడి. అప్పుడు చీపురుకట్ట తిరగేస్తారు. లేకుంటే దాని మూతి పట్టుకొని ఆ తడిలో రుద్దుతారు. ఇదేం పని అని పక్కింటి అబ్బాయిని అడిగితే, "అట్ల చేస్తేనే బుద్ధొస్తాది పెద్దాయనా" అన్నాడు. రాదు. కుక్కకు తెలిసేది ఆ క్షణాన జరిగింది మాత్రమే. ఎప్పుడో మధ్యాహ్నం చేసినదానికి సాయంత్రం కొడితే, ఇంటికొచ్చే మనిషిని చూసి వణకడం నేర్చుకుంటుంది. ఆ తర్వాత మంచం కింద, బీరువా వెనక, మన కంట పడని చోట పోసుకుంటుంది.

అన్నిటికన్నా నాకు కడుపు మండేది ఇంకొకటుంది. నీళ్లు తక్కువ పెడితే తక్కువ పోస్తుందని గిన్నె ఎత్తి అటక మీద పెట్టేస్తున్నారు. ఎక్కడ? ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన పడే చోట. వానలేమిలో జైసల్మేర్ తర్వాత దేశంలో మన పేరే చెప్పుకునే చోట. బోర్లు ఎండిపోయి, బిందెలు పట్టుకొని ట్యాంకరు కోసం ఎదురు చూసినవాళ్లం మనం. దాహమంటే ఏమిటో మనకు ఒకరు చెప్పాలా? కరువు ఏళ్లలో కూడా మా వాకిట్లో తొట్టి ఎండనిచ్చేవాళ్లు కాదు పెద్దలు. ఎద్దు, గొర్రె, కుక్క, కాకి అన్నీ అందులోనే తాగేవి. మనిషికి మల్లే కుక్కకు ఒళ్లంతా చెమట పట్టదు, నాలుక చాచి రొప్పితేనే ఒళ్లు చల్లబడుతుంది. పగ్, షిట్జూ లాంటి చప్పిడి ముక్కువాటికి ఆ రొప్పడం కూడా సరిగ్గా కుదరదు. 40 డిగ్రీలు దాటే మన ఎండాకాలంలో వాటికి నీళ్లు మాన్పించడమంటే చేతులారా వడదెబ్బ తగిలించడమే. బతికి బయటపడ్డా మూత్రం చిక్కబడి రాళ్లు తయారయ్యే ప్రమాదం ఉంది.

వామి కింద ఈనిన కుక్కను చూసినవాళ్లకు ఒక సంగతి తెలుసు. పుట్టిన కూనల్ని కొన్నాళ్లు తల్లే నాకి శుభ్రం చేస్తుంది. మూడు వారాలు దాటి కాళ్లు నిలదొక్కుకోగానే అవి పడక వదిలి అవతలికి జరిగి పోసుకుంటాయి. పడుకునే చోటు పాడు చేసుకోకపోవడం వాటికి పుట్టుకతో వచ్చిన గుణం. మనం నేర్పేదల్లా దాని మీదనే నిలబడాలి. ఇరుకు బోనులో పెరిగిన పిల్లకు ఆ గుణమే చెడిపోతుంది, తిన్నచోటే పోయక దానికి తప్పదు గనుక. కేంద్రం 2017లో తెచ్చిన కుక్కల పెంపకం, అమ్మకం నియమాల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. అయినా తల్లి పాలు మరవని కూనల్ని అట్టపెట్టెలో పెట్టి అమ్ముతున్నారు, అది చూసి కూడా కొంటున్నారు.

రెండు నెలల పిల్ల రెండు గంటలు ఆపుకుంటుంది, మూడు నెలలది మూడు గంటలని తెలిసినవాళ్లు ఒక లెక్క చెబుతారు. చిన్న జాతులకు ఆ లెక్క కూడా ఎక్కువే. పొట్ట చిన్నది గాబట్టి రోజుకు మూడు నాలుగుసార్లు తిండి పెట్టాలి, పెట్టిన ప్రతిసారీ కాసేపట్లో బయటికి తీసుకుపోవాలి. నిద్ర లేవగానే, ఆడుకున్నాక, పడుకోబోయే ముందు, నడిరాత్రి ఒకసారి. ఎప్పుడూ ఒకే చోటికి. పని కాగానే అక్కడే మెచ్చుకొని నోటికింత ఏదైనా అందించాలి. ఇంట్లోకి వచ్చాక పెడితే అది దేనికి పెట్టారో దానికి అర్థం కాదు. తిండికి వేళ ఉంటే బయటికి పోవడానికీ వేళ కుదురుతుంది. పొద్దున గిన్నె నిండా పోసి గడియ పెట్టి పోయేవాళ్లకు ఈ పద్ధతి ఎన్నటికీ కుదరదు.

బయటికి అంటే వీధిలోకి దించమని కాదు. మా చిన్నప్పుడు పార్వో అనే జబ్బే లేదు, అది 1978 నాటికి గానీ లోకానికి తెలియలేదు. దాని వైరస్ మట్టిలో నెలల తరబడి బతుకుతుంది. టీకాలన్నీ పూర్తయ్యేదాకా ఊరకుక్కలు తిరిగే చోట పిల్లను వదలకూడదు. మిద్దె మీదో బాల్కనీలోనో వెడల్పాటి ట్రేలో శుభ్రమైన ఎర్రమట్టి పోసి, మునుపటి తడి అంటిన కాగితం ముక్క అందులో వేయండి. ఆ వాసనే దానికి గుర్తు. ఇంట్లో తడిపిన చోట మాత్రం ఆ వాసన మిగలకూడదు. అమ్మోనియా కలిసిన క్లీనర్లు వాడితే ఆ ఘాటు మూత్రానికి దగ్గరగా ఉండి మళ్లీ అక్కడికే లాగుతుంది. వెనిగర్ పోయమని కొందరు చెబుతారు. తాడిపత్రి బండలున్న ఇళ్లలో ఆ పని చేయకండి. అవి సున్నపురాళ్లు, పులుపు తగిలితే నునుపు పోయి మచ్చ పడుతుంది. ఇందుకోసమే ఎంజైమ్ క్లీనర్లు దొరుకుతున్నాయి, అవి వాడండి.

టీకాలయ్యాక వీధిలో తిప్పేవాళ్ల తీరు ఇంకా అన్యాయం. ఒక ఇల్లాలు పొద్దున్నే కల్లాపి చల్లి ముగ్గేసిన వాకిట్లో కుక్కను కూర్చోబెట్టి, తాము ఫోను చూసుకుంటూ నిలబడతారు. మాకు బీడు ఉండేది. మీకు లేదు గాబట్టి సంచి చేత పట్టుకుని పోండి, ఎత్తి చెత్తబుట్టలో వేయండి.

ఇక నేర్చుకోలేదని బైపాస్ దగ్గర దించి వచ్చేవాళ్ల గురించి. సోఫా మీద పెరిగిన ఆ బొచ్చుకుక్క ఊరకుక్కల మధ్య, ఆ ఎండలో ఎన్నాళ్లు బతుకుతుంది? 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద కుక్కను కొట్టి హింసించడమూ నేరమే, కారణం లేకుండా వదిలేయడమూ నేరమే. మొదటి తప్పుకు జరిమానా 10 నుంచి 50 రూపాయలు. ఆ కాలంలో అది కూలివాళ్లకు ఎన్నో రోజుల సంపాదన. ఇప్పుడు ఒకపూట టిఫినుకు చాలదు. దీన్ని పెంచాలని అడగాల్సింది మనమే.

వేసవి సెలవుల్లో పిల్లలు అడిగారని కుక్కపిల్లను తేబోయేవాళ్లకు ఒక మాట. పగటిపూట ఇంట్లో ఎవరుంటారో ముందు తేల్చుకోండి. కొన్ని నెలలు నడిరాత్రి నిద్ర లేవడానికి ఒక మనిషి ఒప్పుకుంటేనే తెండి. మంచు ప్రాంతాల జాతులే కావాలని పట్టుబట్టకండి, ఊళ్లో ఈనిన కుక్క పిల్లను తెచ్చినా ఇంతే ప్రేమగా ఉంటుంది, మన ఎండకూ తట్టుకుంటుంది. ఎవరికీ తీరిక లేకపోతే అసలు తేవద్దు. తెచ్చాక మాత్రం దాని నీళ్ల గిన్నె ముట్టకండి.