పన్నెండు మిల్లీమీటర్లు

"కోటిపల్లి షంటింగు ఇంజను, 1928" అని ఇత్తడి రేకు మీద చెక్కించి నా నమూనా ఇంజనుకు బిగించిన రోజున అది అబద్ధమని నాకు తోచలేదు. దసరా సెలవుల ముందు దాన్ని బడికి పట్టుకెళ్లాను. ఆరో తరగతి పిల్లలు ఆ మాట నోటుపుస్తకాల్లో రాసుకున్నారు. జరిగింది జరిగినట్టు చెప్పుకోవాలని ఇది రాస్తున్నాను.

మాది ఐ.పోలవరం. రైలు చూడాలంటే మేం గోదావరి దాటాలి. కాకినాడ నుంచి కోటిపల్లికి 45 కిలోమీటర్ల లైను 1928లో వేశారు. రెండో ప్రపంచ యుద్ధం రాగానే, 1940లో, ఆ పట్టాలు ఊడబీకి యుద్ధ అవసరాలకు పట్టుకుపోయారు. మళ్లీ ఆ దారిన బండి నడిచింది 2004లో. అవతలి ఒడ్డున అరవై నాలుగేళ్లు బండి లేదు. ఇవతల మాకు అసలే రాలేదు. తాత "కోటిపల్లి బండి" అన్నప్పుడల్లా నా కళ్ల ముందు ఒక ఇంజను కదిలేది. దానికి ఫొటో లేదు. నా చేత్తో చేసి చూసుకుందామనుకున్నాను.

నాకు దొరికిన కొలతల పటం ఇంగ్లండు ఇంజనుది. లాంకషైర్ అండ్ యార్క్‌షైర్ రైల్వే వాళ్లు 1891 నుంచి 1910 దాకా 57 కట్టిన షంటింగు ఇంజను, "పగ్" అంటారు. నాలుగే చక్రాలు. గుర్రానికి జీను వేసినట్టు బాయిలరు మీద నీళ్ల ట్యాంకు. వెనకాల టెండరు లేదు, బొగ్గూ నీళ్లూ ఒంటి మీదే. ఆ బరువంతా చక్రాల మీద పడుతుంది గనక అవి పట్టాల మీద జారవు. పొట్టిదే అయినా బరువు వ్యాగన్లను నెట్టేస్తుంది. ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్య దూరం తక్కువ, అందుకని రేవుల్లో, గోదాముల దగ్గర ఇరుకు మలుపులు తిరగ్గలదు. ఇంత అందమైన యంత్రం ఇంకోటి నేను చూడలేదు, ఇప్పటికీ అదే మాట. ఇరవయ్యో వంతు కొలతలో చేశాను. బాయిలరుకు బోరు పైపు ముక్క, ట్యాంకుకు ఇత్తడి రేకు, రివెట్లకు గుండుసూదుల తలలు. చక్రాలు అమలాపురంలో లేతు మీద తీయించాను. పద్నాలుగు నెలలు పట్టింది.

మావయ్య సంక్రాంతికి వచ్చాడు. ఆవిరి ఇంజన్ల రోజుల్లో సామర్లకోటలో షంటింగు పోర్టరుగా చేసిన మనిషి. ఆయన ట్యాంకు చూడలేదు, రివెట్లు చూడలేదు. వంగి, చక్రాల మధ్య వేళ్లు పెట్టాడు.

"అల్లుడూ, ఇది మన పట్టాల మీద నిలబడదయ్యా. సన్నంగా ఉంది."

రెండు వ్యాగన్ల మధ్య దూరి కప్లింగు తగిలించడమే ఆయన ఉద్యోగం. పట్టాల మధ్య సందెంతో ఆయన ఒంటికి తెలుసు. నేను లోపలికెళ్లి ఆ కొలతల పటం ఉన్న పుస్తకం తెచ్చాను. "నాలుగడుగుల ఎనిమిదిన్నర అంగుళాలు మావయ్యా, అచ్చులో ఉంది" అన్నాను, నలుగురి ముందూ. ఆయన పుస్తకం చూసి నా చేతికే ఇచ్చేసి, కాఫీ తాగి వెళ్లిపోయాడు.

మూడో రోజున టేపు జేబులో వేసుకుని ముక్తేశ్వరం రేవులో పంటు ఎక్కాను. కోటిపల్లి నుంచి అమలాపురం మీదుగా నరసాపురానికి 57 కిలోమీటర్ల లైను 2000-01లో మంజూరైంది. దాని వంతెన స్తంభాలు గౌతమి పాయలో నిలబడి ఉన్నాయి. వాటిని చూస్తూ అవతలికి చేరి, రైలు గేటు దగ్గర టేపు పరిచాను. ఐదడుగుల ఆరంగుళాలు. 1676 మిల్లీమీటర్లు, మన బ్రాడ్‌గేజి. ఇంగ్లండు పట్టాల మధ్య ఉండేది 1435. ఇరవయ్యో వంతులో 84 రావాల్సిన చోట నేను 72 పెట్టాను.

టేపు చుడుతుంటే అసలు ప్రశ్న వచ్చింది. ఈ ఇంజను కోటిపల్లిలో తిరిగిందని నాకెవరు చెప్పారు? తాత చెప్పలేదు. ఏ పుస్తకంలోనూ లేదు. తిరిగి ఉంటే బాగుండునని నేను అనుకున్నాను. అనుకున్నదాన్ని ఇత్తడి మీద చెక్కించాను. మాకు రాని బండి మీద బెంగతో చరిత్ర కల్పించాను. తెలిసిన మనిషి తప్పు చూపిస్తే, పెద్దాయన నోరు మూయించాను.

సామర్లకోట వెళ్లి మావయ్య దగ్గర తప్పు ఒప్పుకున్నాను. "కొలిచావా?" అని మాత్రం అడిగాడు. తర్వాత బడికెళ్లి, పిల్లల చేత ఆ వాక్యం కొట్టేయించాను. ఇప్పుడు ఇంజను మీద కొత్త రేకు ఉంది: "ఇంగ్లండు షంటింగు ఇంజను, ఇరవయ్యో వంతు నమూనా". రేకు మారాక చక్రాలు మార్చే పని పడలేదు. ఇంగ్లండు ఇంజనుకు 72 సరిపోయిన కొలతే.

కోటిపల్లి బండి ఎలా ఉండేదో నాకు ఇంకా తెలియదు. 1928కీ 1940కీ మధ్య తీసిన ఫొటో గాని, టిక్కెట్టు ముక్క గాని, ఆ లైను మీద పనిచేసినవారి కాగితం గాని మీ ఇంట్లో పాత పెట్టెలో ఉంటే దయచేసి పారేయకండి. ఫొటోలో ఇంజను మీద నంబరు కనబడితే ఎక్కడైనా రాసిపెట్టండి.