అలకల శాఖ

ప్రతి పెళ్ళింట్లోనూ ఒక బాబాయి ఉంటాడు. పీటల మీదికి రాడు, ఫొటోల్లో పడడు. కానీ "మేనమామగారు సంచీ సర్దుకుని బస్టాండుకి వెళ్ళిపోతున్నారు" అని కబురు రాగానే పెళ్ళికూతురి తండ్రి కళ్ళు వెతికేది ఆయన కోసమే. అలకల శాఖ ఆయనది.

అలగడానికని ప్రత్యేకంగా మంచం వేసి, దానికి అలకపానుపు అని పేరుపెట్టి, వేడుక చేసుకునేవాళ్ళం మనం. పారిజాతం పువ్వు రుక్మిణికి వెళ్ళిందని సత్యభామ అలిగితే నంది తిమ్మన ఐదాశ్వాసాల కావ్యమే రాశాడు. అలాంటిది, పెళ్ళికొచ్చిన వందలమందిలో ఒక్కరూ అలగలేదంటే శుభలేఖలు సరిగ్గా అందలేదేమోనని అనుమానించాలి. బాబాయి ఏనాడూ పైకి చెప్పడు గానీ, ఆయన లెక్క ఒకటే: అలిగేవాడు అలుగుతాడు, వాడి గుణం మార్చడానికి మనం ముహూర్తం పెట్టుకోలేదు.

అందుకే ముందునుంచే ఏర్పాట్లు. ఫలానా పెదనాన్నకి శుభలేఖ వాట్సాప్‌లో వస్తే పిలిచినట్టు కాదు, దంపతులిద్దరూ వెళ్ళి బొట్టుపెట్టాల్సిందే. రెండో అత్తయ్యకి బొట్టు కన్నా, తోటికోడలి కంటే ముందు పెట్టారా అన్నది ముఖ్యం. పెద్దాడపడుచు మొగుణ్ణి మొదటి బంతికి లేవమంటే "ఏం, తిండికి మొహం వాచి వచ్చామా?" అంటాడు. రెండో బంతికి పిలిస్తే "మిగిలిందా?" అంటాడు. బాబాయి ఆయన్ని మొదటి బంతికి ముందే వంటశాల పక్క గదిలోకి తీసుకెళ్ళి, విస్తరేసి, "పనసపొట్టు కూరలో ఆవ చాలిందో లేదో తమరు చెబితే గానీ వడ్డించొద్దన్నాను" అంటాడు. అది మొదటి బంతీ కాదు, రెండోదీ కాదు. అలగడానికి సందేది?

ఇక మేనమామగారి సంగతి. బీటెక్ చదివిన మేనల్లుడొకడు వెంటపడ్డాడు. "కార్డిచ్చాం, ఏసీ రూమిచ్చాం, కారు పంపాం, ఇంకేం చెయ్యాలి మావయ్యా?" అని రుజువులన్నీ చూపించాడు. ఒక్కో రుజువుకీ ఆయన అడుగు వేగం పెరిగింది! తప్పు తనదేనని తేలాక ఏ మొహంతో వెనక్కొస్తాడు? బాబాయి వెళ్ళి బస్టాండు బెంచీ మీద పక్కన కూర్చున్నాడు. రమ్మనలేదు. "పిలుపు బాగాలేదు బావగారూ, మా అన్నయ్య మొదటినుంచీ అంతే" అన్నాడు. మేనమామగారు పాతికేళ్ళ నాటి గృహప్రవేశం దగ్గర్నుంచీ చెప్పుకొచ్చారు. బాబాయి ఊకొట్టాడు. రెండు బస్సులు వెళ్ళిపోయాయి. అప్పుడు నెమ్మదిగా, "పిల్లని బుట్టలో మోసుకొచ్చేది ఇప్పుడు ఎవరంటారు? మీ నడుం నొప్పి ఎలా ఉంది?" అన్నాడు.

"నడుం సంగతి తర్వాత. జీలకర్ర బెల్లానికి ఇంకెంత టైముంది?" అని సంచీ అందుకున్నారు మేనమామగారు.

అలాగని బాబాయి ప్రతిదానికీ తలూపేవాడు కాడు. ఆ మధ్య అలకపానుపు మీద కొత్తల్లుడు ఉంగరం దగ్గర ఆగక కారు దాకా వెళ్ళాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వేశారు, బాబాయి నవ్వలేదు. "అలకైతే తీరుస్తాం నాయనా, బేరానికైతే 1961 నుంచీ చట్టముంది" అన్నాడు. అల్లుడికి ఉంగరం అప్పటికప్పుడే తెగ నచ్చేసింది. నా మటుకు నేను బాబాయి ఘనతల్లో దీన్నే ముందు వేస్తాను.

అన్ని అలకలూ తీర్చి ఇల్లు చేరాక, కాఫీలో పంచదార తక్కువైందని బాబాయి అలుగుతాడు. పిన్ని బతిమాలదు, వాదించదు. పంచదార డబ్బా ఆయన పక్కన పెట్టి, తన సీరియల్ పెట్టుకుంటుంది.