శిథిలగృహ సూత్రానికి టీకా తాత్పర్యం

మూలం: శిథిలావస్థలో ఉన్న ఇళ్లను యజమానులు తక్షణమే బాగుచేయించవలెను లేదా తొలగించవలెను.

వానలు పడకముందు భూపాలపల్లి మొదలుకొని ఏ పట్టణంలోనైనా మున్సిపాలిటీవారు చాటే సూత్రమిది. 2019 నాటి తెలంగాణ పురపాలక చట్టం దీనికి ఆకరం. 2020 ఫిబ్రవరి 24న మొదలైన పట్టణ ప్రగతి కార్యక్రమంలో పది రోజులూ దీని పారాయణమే. ‘ఇళ్లు’ అంటే ఏమిటో తెలియనివారు లేరు గనక టీకాకారుడు ఆ మాట జోలికి పోలేదు.

శిథిల: ఉణాది సూత్రాల్లో ఈ శబ్దమూ ‘స్థిర’ శబ్దమూ ఒకే సూత్రంలో కాపురమున్నాయి. చివరి వాటా ఖదిరానిది, అంటే మన అడవుల్లోని చండ్రచెట్టుది. శిథిల, స్థిరాల కాపురానికి గణపురం కోటగుళ్లు ఉదాహరణ. కాకతీయుల కాలం నాటివి, శిథిలమై కూడా స్థిరంగా నిలిచాయి. వాటికి నోటీసు అంటించే ధైర్యం ఎవరికుంది?

యజమాని: ఇక్కడ టీకాకారుడు కండువా సర్దుకున్నాడు. యజ్ ధాతువు ఉభయపది. ఋత్విక్కు పరులకోసం చేస్తే ‘యజతి’, ఫలం తనకు దక్కేలా చేసుకుంటే ‘యజతే’. ఆ రెండోవాడే యజమానుడు. ఇలాంటి ధాతువులకు క్రియాఫలం కర్తకు చెందితేనే ఆత్మనేపదమని పాణిని తేల్చాడు. శాస్త్రఫలం ప్రయోక్తదేనని జైమిని మూడో అధ్యాయంలో బలపరిచాడు. నెయ్యి యజమానిది, దక్షిణ యజమానిది, కాబట్టి స్వర్గమూ యజమానిదే. మరి పొగ ఎవరిది? టీకాకారుడు గ్రంథాలన్నీ తిరగేశాడు, దొరకలేదు.

ఇంతకీ నోటీసు సంగతి.

భూపాలపల్లిలో ఏళ్లుగా బొగ్గు యాగం నడుస్తోంది. చెల్పూరు థర్మల్ కేంద్రంలో 500 మెగావాట్లది ఒకటి, 600 మెగావాట్లది ఒకటి, రెండు హోమగుండాలు. కరెంటు రాష్ట్రమంతా పోతుంది. ఓపెన్‌కాస్టు బొగ్గు గని చుట్టుపక్కల కాలనీలవారు మాత్రం బ్లాస్టింగ్‌కు ఇళ్లు అదిరి గోడలు బీటలు వారుతున్నాయని మొత్తుకుంటూనే ఉన్నారు. దసరాకు వేసిన సున్నం మీద సంక్రాంతికి దుమ్ము. ఫలం ఎక్కడికి పోయినా సరే, బీటపడిన గోడ దగ్గరికి వచ్చేసరికి ఇంటాయనే యజమాని. బాగుచేయించకపోతే మున్సిపాలిటీయే కూల్చి, ఆ ఖర్చూ ఆయన దగ్గరే వసూలు చేస్తుంది. దక్షిణతో సహా యాగం పూర్తి.

తాత్పర్యం: ఇల్లు నీది, పగులు నీది. అదిరించినవారి ప్రస్తావన మూలంలో లేదు.

ఇంత రాశాక గుర్తొచ్చింది, ‘తక్షణమే’ మిగిలిపోయింది. అమరకోశం లెక్కన పన్నెండు క్షణాలు ఒక ముహూర్తం. ముహూర్తం 48 నిమిషాలు గనక క్షణమంటే నాలుగు నిమిషాలు. ఆ వ్యవధిలో మేస్త్రి ఫోను కూడా ఎత్తడు. బ్లాస్టింగ్‌కు అంతసేపు అక్కర్లేదు.