‘ఈజ్ కమింగ్’కు టీకా తాత్పర్యం

మూలం: అవర్ టౌన్ ఈజ్ కమింగ్ అండర్ శ్రీ సత్యసాయి డిస్ట్రిక్ట్ విత్ ఎఫెక్ట్ ఫ్రమ్ 4-4-2022.

అవతారిక: ధర్మవరంలో పట్టుచీరల కొట్టాయన బయటూరి పార్టీలకు అడ్రసు మారిందని లెటర్ రాయించాడనుకుందాం. డీటీపీ సెంటర్ కుర్రాడి చేతినుంచి జారే వాక్యం ఇదే.

ప్రతిపదార్థం: అవర్ టౌన్ = మా ఊరు (ఎక్కడికీ కదల్లేదు); ఈజ్ కమింగ్ = వస్తూ ఉన్నది; విత్ ఎఫెక్ట్ ఫ్రమ్ = ఫలానా నాటి మొదలు.

టీక: చిక్కంతా ‘ఈజ్ కమింగ్’లోనే. ధర్మవరంలో బయల్దేరిన బండి పెనుకొండ దాటి హిందూపురానికి వస్తూ ఉన్నట్టు, జిల్లా ఇంకా పట్టాల మీదే ఉందని ధ్వని. 2022 జనవరిలో ముసాయిదా వెలువడ్డప్పుడు ‘విల్ కమ్’ చెల్లింది. హిందూపురంవాళ్లు జిల్లా కేంద్రం తమకే కావాలని రోడ్డెక్కారు; వాళ్ల క్రియ ‘షుడ్’. ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి, కేంద్రం పుట్టపర్తికి దక్కింది. అది మొదలు ‘కేమ్’ సాధువు. ‘హాజ్ కమ్’ కూడా అనొచ్చు గానీ, పక్కన తేదీ తగిలిస్తే వ్యాకరణం ఒప్పుకోదు. ఆ దోషం ఆఫీసు సర్క్యులర్లలో కావలసినంత.

పాఠాంతరం: ‘షల్ కమ్’. ఇది జోస్యం కాదు, శాసనం. మన రాజ్యాంగం 394వ అధికరణంలో 1950 జనవరి 26ను నిర్ణయించింది ఈ ‘షల్’తోనే. చీరల కొట్టు లెటర్‌హెడ్ మీద అది వెలిస్తే జిల్లాను ఆయనే ఏర్పాటు చేసినట్టుంటుంది.

శంక: ‘ఫ్రమ్’ అంటే 4వ తేదీ లెక్కలోకి వస్తుందా? శంక కొట్టిపారేయదగ్గది కాదు. 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం 9వ సెక్షన్ ప్రకారం, రోజుల వరసలో మొదటిదాన్ని వదిలేయాలంటే ‘ఫ్రమ్’ చాలు. 2014 రాష్ట్ర పునర్విభజన చట్టం ‘ఆన్ అండ్ ఫ్రమ్’ అని రెండు ముళ్లు వేసి, జూన్ 2ను జారిపోకుండా పట్టుకుంది.

విశేషం: తెలుగులో ‘అమల్లోకి వస్తుంది’ అంటే రేపటికీ సరే, ఆజ్ఞకీ సరే. కుర్రాడు తడబడింది అందుకే. అయినా కాలం తెచ్చే తంటా ఈ సీమకు కొత్తదేం కాదు. పాత దానశాసనాల్లో శకసంవత్సరం కనిపిస్తే అది గడిచిన ఏడా, నడుస్తున్న ఏడా అని పండితులు తలపట్టుకుంటారు. పక్కనున్న ప్రభవాది పేరుతో సరిచూసుకుని తేలుస్తారు. గడువు ఎప్పటిదాకా అన్నచోట మాత్రం ఆ శాసనకర్తలకు సందేహమే లేదు: ఆచంద్రార్కం.