కుట్టు యంత్ర పద్యానికి టీకా తాత్పర్యం

కుట్టు యంత్రమందు కూరుకొన్నది దుమ్ము
నూనె చుక్క లేక నోరు మెదప
దింక సూది మార్చి తిన్నగా దారమ్ము
పెట్టి చూచి పిదప పిలువు పరుని

అవతారిక: ఏళ్ల తరబడి మూలపడిన సింగర్, ఉషా మిషన్లను ఇంట్లోనే బాగుచేసుకోదలచిన గృహస్థులకు కవి చేసిన ఉపదేశమిది.

ప్రతిపదార్థం: కుట్టు యంత్రమందు = పాత మిషనులో; దుమ్ము = గుడ్డ నుంచీ దారం నుంచీ రాలిన నూగు; కూరుకొన్నది = గట్టిపడి చేరింది; నూనె చుక్క లేక = తగిన నూనె లేనందువల్ల; నోరు మెదపదు = చక్రం తిరగదు; తిన్నగా = వరుస తప్పకుండా; పిదప = ఇవన్నీ చేసిన తరువాత మాత్రమే; పరుని = మెకానిక్కును; పిలువు = పిలిపించుము.

విశేషాలు: దుమ్మంటే ఇంటి దుమ్మేనని భ్రమించి, మిషను పైభాగం తళతళలాడేలా తుడిచి ఊరుకునేవారు కవి హృదయాన్ని ఎరుగరు. గుడ్డను వెనక్కి జరిపే పళ్ల కిందా, బాబిన్ కేసు కూర్చునే షటిల్ గాడిలోనూ చేరిన నూగు పాత నూనెతో కలిసి చాపలా అట్టకట్టి పళ్లను పైకి లేవనీయదు కనుక, సూది కింది పలకను విప్పి, అరిగిన టూత్‌బ్రష్షుతో దాన్ని ఊడ్చితీయడమే ఇక్కడ వివక్షితం.

నూనె విషయంలో మతభేదం ఉంది. చేతికందిన నూనె ఏదైనా చాలునన్నది పూర్వపక్షం. కొబ్బరినూనె చలికి గడ్డకడుతుంది, వంటనూనెలు నాళ్లు గడిచేకొద్దీ జిగురై ఇరుసులను పట్టేస్తాయి కాబట్టి, పలుచని మిషను నూనెనే రంధ్రానికొక చుక్క చొప్పున వేయాలన్నది సిద్ధాంతం. చక్రం బొత్తిగా కదలకపోతే బలప్రయోగం తగదు. కిరసనాయిలు చుక్కలు వేసి, రాత్రంతా నాననిచ్చి, చక్రాన్ని ముందుకూ వెనక్కూ మెల్లగా ఆడించి, నల్లగా కారిన జిగురును తుడిచాకే కొత్త నూనె వేయాలి, ఎందుకంటే కిరసనాయిలు మురికిని కడుగుతుందే గాని కందెనగా నిలవదు.

‘తిన్నగా’ అన్నమాట పద్యానికి ప్రాణం. 1846లో ఎలయాస్ హోవ్ అమెరికాలో పేటెంటు పొందిన కుట్టులో పై దారమూ అడుగు దారమూ గుడ్డ నడుమ పెనవేసుకుంటాయి. గుడ్డ అడుగున దారం ఉండలు కడితే అందరూ బాబిన్‌ను నిందిస్తారు గాని, చాలావరకు దోషం వదులైన పై దారానిదే. గుడ్డను అదిమిపట్టే పాదాన్ని పైకెత్తినప్పుడు దారాన్ని బిగించే రెండు బిళ్లలు విడతాయి, పాదం దించి దారం ఎక్కిస్తే అది వాటి మధ్యకు చేరక అంచునే జారిపోతుంది. సూదికి ఒకవైపున్న పొడవాటి గాడి నుంచే దారాన్ని బెజ్జంలోకి దూర్చాలి. తొక్కుడు మిషను తోలు బెల్టు సాగితే కొద్దిగా కోసి మళ్లీ తగిలించాలన్న సంగతిని కవి విడిచిపెట్టాడు. గణాలు కుదరక కావచ్చు.

‘పరుడు’ అంటే పరమాత్మ అని వేదాంతులు అన్వయిస్తారు. మనిషి చేయగలిగినదంతా అప్పటికి అయిపోయింది కనుక అదీ పొసగుతుంది గాని, ప్రకరణాన్నిబట్టి మెకానిక్కే సరైన అర్థం. సూది అడుగుకు దిగి కాస్త లేచే క్షణానికి షటిల్ కొక్కెం వచ్చి దారాన్ని అందుకోవాలి. ఆ పొందిక తప్పితే, ఎన్ని సూదులు మార్చినా కుట్టు పడదు. దాన్ని సరిచేయడం చేయి తిరిగినవారి పని, ఆ స్క్రూల జోలికి గృహస్థు పోరాదు.