చిమ్నీ వ్యూ సింగిల్ బెడ్‌రూమ్

(స్థలం: ముంబయి, లోయర్ పరేల్. ఒకప్పుడు బట్టల మిల్లుల పేట. ఇప్పుడు అద్దాల ఆఫీసులు, మాల్, కాఫీ వాసన. ఒక పాత మిల్లు జాగాలో లేచిన టవర్, ఇరవై రెండో అంతస్తు.

పాత్రలు: బ్రోకరు, మనవాడే. ముంబయిలో తెలుగువాళ్లకు ఇల్లు చూపించే ప్రతివాడూ మనవాడే. కొడుకు, సాఫ్ట్‌వేరు, పాత వస్తువులంటే ప్రాణం, పాత వస్తువుల్లో పనిచేసిన అనుభవం లేదు. కోడలు, లెక్కల మనిషి. తండ్రి, సిరిసిల్ల, 1982 దాకా ఈ రోడ్డు మీది మిల్లులోనే సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపినవాడు.)

బ్రోకరు: రండన్నా, రండక్కా! కాకా, చెప్పులతోనే రండి, మార్బులైతే ఏం, మనం మనం ఒకటే. ఇదీ హాలు.

తండ్రి: యాడుంది?

బ్రోకరు: మీరు నిలబడ్డదే కాకా. వెనక్కి జరక్కండి, కిచెన్ వచ్చేస్తుంది.

కోడలు: మొత్తం ఎన్ని చదరపు అడుగులు?

బ్రోకరు: రెరా కార్పెట్ 430 అక్కా. ఫీలింగ్ మాత్రం 650.

కోడలు: రిజిస్ట్రేషన్ దేనికి చేస్తారు? ఫీలింగ్‌కా?

బ్రోకరు: 2017కు ముందైతే 700 అని నోరారా చెప్పేవాణ్ణి. లిఫ్టూ, మెట్లూ, కింద లాబీలో మీ వంతు గాలీ అన్నీ కలిపి. రెరా వచ్చి మా నోట్లో టేపు పెట్టింది.

తండ్రి: (మోచేయి గోడకానించి కొలుస్తూ) పొడుగు ఏడు మూరలు. అడ్డం ఆరు.

బ్రోకరు: కాకా, నా దగ్గర లేజర్ మీటరుంది.

తండ్రి: నీ లేజరు నీ దిక్కు మాట్లాడుతది తమ్మీ. నా చెయ్యి నా దిక్కు మాట్లాడుతది.

కొడుకు: బాపూ, ఇటు చూడు! ఇటుక గోడ! మీ మిల్లుదే అయ్యుంటుంది.

బ్రోకరు: ఇటుక కాదన్నా, ఇటుక టైలు. గుజరాత్ మోర్బీలో కాల్చింది. పాతదనానికి పదేళ్ల వారంటీ.

తండ్రి: ఇటుక ఎవడు సూసిండు కొడుకా? పాళి ఎక్కింది మొదలు దూది దుమ్మే. గోడ మీద, కనురెప్పల మీద, పండుకుంటె ఊపిరిల. నూలు తెగద్దని గాలిల నీళ్లు కొట్టేటోళ్లు. మనిషి తెగితె పర్వలే, గేటు కాడ బదులు పనోళ్లు, బద్లీలు, నిలవడి ఉండె.

కొడుకు: అబ్బ, ఎంత బాగా చెప్పావు బాపూ! ఫ్రేము కట్టించి ఈ గోడకే పెడదాం.

బ్రోకరు: మన బిల్డరుకీ అదే టేస్టు. కింద లాబీలో నిజం సాంచా ఒకటి లైట్లు వేసి పెట్టాడు, చూశారుగా?

తండ్రి: సూసిన. నాడె తిరగేసి పెట్టిండ్రు. సక్కగ పెడదామని చెయ్యి వెడితె సెక్యూరిటాయన ఉరికొచ్చిండు: ముట్టద్దు, హెరిటేజట.

బ్రోకరు: ఇక అసలు సరుకు. (కిటికీ తెర లాగుతూ) ఫీనిక్స్ చిమ్నీ! మిల్లు పోయి మాల్ వచ్చినా చిమ్నీ చెక్కుచెదరలేదు. ఈ ఫ్లాటుకు చిమ్నీ వ్యూ, అందుకే ఎనిమిది లక్షలు ఎక్కువ.

తండ్రి: పొగ వస్తలేదనా?

కోడలు: ఆ పక్కన పెంకుల కప్పులేంటి, పొడుగ్గా, వరసగా?

బ్రోకరు: (తెర సగం మూసి) ఎన్.ఎం. జోషీ మార్గ్ బీడీడీ చాళ్లక్కా. బ్రిటిష్‌వాళ్లు 1920లలో కట్టారు. అవీ పోతాయి, టవర్లొస్తాయి. వ్యూ ఇంకా బాగుపడుతుంది.

తండ్రి: గండ్లనే ఉన్నం మేం. 160 అడుగుల ఖోలీ. తొమ్మిది మందిమి. రాత్రి పాళోడు పొద్దున వచ్చి పండుకుంటె, పొద్దటి పాళోడు లేసి పోవాలె. సాప సల్లవడకపోయేది. తిండి ఖానావళిల, ఒక మరాఠీ తల్లి వెట్టేది. బెడ్రూమంటె గదే, హాలంటె గదే.

కోడలు: మరి ఇప్పుడు ఆ చాళ్లవాళ్లకు ఏమిస్తున్నారు?

బ్రోకరు: (గొంతు తగ్గించి) 500 అడుగులు, ఊరికే. వర్లీలో 2025 ఆగస్టులో 556 కుటుంబాలకు తాళాలిచ్చేశారు కూడా.

కోడలు: వాళ్లకు ఊరికే 500. మాకు రెండు కోట్ల నలభై లక్షలకు 430.

కొడుకు: బాపూ, ఆ ఖోలీ వదిలిపెట్టకుండా ఉంటే...

తండ్రి: నా పేర ఉంటె గద వదలనీకి! పండుకున్నది తొమ్మిది మందిమి, పేరు ఒక్కనిది.

కోడలు: పిల్లలు ఆడుకోవడానికి చోటుందా?

బ్రోకరు: ఆరో అంతస్తులో పోడియం గార్డెన్! కింద కార్లు, పైన గడ్డి. ఇంగ్లిష్ గడ్డి.

తండ్రి: భూమ్మీద లేదా తోట? మిల్లు జాగల మూడో వంతు తోటలకు, మూడో వంతు సర్కారు ఇండ్లకు, మూడో వంతే సేటుకు అన్నరు 1991ల. నేనప్పుడు సిరిసిల్లల ఉన్న. పేపర్ల సదివి లడ్డూలు పంచిన.

బ్రోకరు: అది పాత రూలు కాకా. 2001లో సవరించారు. కట్టడాలున్న జాగా లెక్కలోకి రాదు, ఖాళీగా ఉన్నదే మూడు ముక్కలు. సుప్రీంకోర్టు కూడా 2006లో సరేనంది. అంతా లీగల్.

తండ్రి: అంటె అన్నదమ్ముల పంపకంల ఇల్లు మొత్తం పెద్దోడు తీసుకోని, వాకిట్ల ముగ్గేసే జాగను మూడు పాళ్లు చేద్దాం రండ్రి అన్నట్టు.

(ఆరువందల ఎకరాల మిల్లు భూముల మీద పండితులు ఎంత రాశారో! ఈ వాకిట్లో లెక్కను దాటి ఒక్క అడుగు ముందుకు వేసినట్టు నాకైతే కనిపించలేదు.)

కొడుకు: నీకూ ఒక ఇల్లు రావాలి కదా బాపూ, కార్మికుల కోటాలో?

తండ్రి: ఫారం నింపిన. 1982 జనవరి ఒకటిన రిజిస్టర్ల పేరుండాలె అన్నరు, ఉన్నది. లక్షన్నర మందిల నాదొక కాయితం. మొదట్ల మిల్లు జాగలల్లనే 225 అడుగులవి కొన్నిచ్చిండ్రు, లాటరీల. ఇప్పుడేమో వాంగణీ, శెలూ అంటున్నరు.

బ్రోకరు: మంచి గాలి కాకా అక్కడ! బద్లాపూర్ దాటాక.

తండ్రి: గాలి మంచిదే. గంతదూరం పోయినంక ఇంకిన్ని ఊర్లు దాటి సిరిసిల్లకే పోతె ఏమాయె?

కోడలు: బిల్డింగులో చేపలు వండుకోవచ్చా?

బ్రోకరు: (చాలాసేపటికి) ...వండుకోవచ్చు. వాసన రాకుండా.

తండ్రి: కోలీలు, కొంకణపోళ్లు కాపురమున్న పేటల చేప వాసన రావద్దట! మా చాళ్ల బొంబిల్ ఎండేస్తె పిల్లులు కూడ పాళీలేసుకోని వచ్చేటియి.

కోడలు: సరే, లెక్కకొద్దాం. రెండు కోట్ల నలభై. స్టాంపు డ్యూటీ?

బ్రోకరు: ఆరు శాతం, 14 లక్షల 40 వేలు. రిజిస్ట్రేషన్ 30 వేలు. ఓసీ వచ్చిన బిల్డింగ్, జీఎస్టీ లేదు. నా కమిషన్ రెండు శాతం, అది ప్రేమతో.

కోడలు: ఆడవాళ్ల పేరు మీదైతే ఒక శాతం తగ్గుతుంది కదా మహారాష్ట్రలో?

బ్రోకరు: తగ్గుతుంది. కానీ ఒక్క ఆడవాళ్ల పేరే ఉండాలి, జాయింట్ కుదరదు.

కోడలు: ఏమండీ, రెండు లక్షల నలభై వేలు మిగులుతాయి. నా పేరు మీద చేద్దాం.

కొడుకు: మరి లోను?

కోడలు: అది మీ పేరు మీద.

తండ్రి: నెలకెంత పడుతది కిస్తు?

కొడుకు: కోటీ ఎనభై లక్షల లోను, ఎనిమిదిన్నర శాతం, ఇరవై ఏళ్లు. నెలకు లక్షా యాభై ఆరు వేల పైచిలుకు.

తండ్రి: ఇరవై ఏండ్లు! అరేయ్, అప్పటిదాక ఎన్నడు సమ్మె కట్టకు. మేం 1982 జనవరి 18న దిగినం, యూనియన్ లీడరు డాక్టర్ దత్తా సామంత్ ఎనుక, రెండున్నర లక్షల మందిమి. ఆపినమని ఇప్పటిదాక ఎవ్వడు చెప్పలే. కాయితం మీద నేనింక సమ్మెలనే ఉన్న.

కొడుకు: మా దగ్గర సమ్మెలుండవు బాపూ. యూనియనే లేదు. లేఆఫ్‌లుంటాయి.

తండ్రి: అంటె గేటుకు తాళం ఏస్తరా?

కొడుకు: గేటు బాగానే ఉంటుంది. పొద్దున లాగిన్ కాదు, అంతే.

తండ్రి: మాకన్న తాళం కనవడేది.

బ్రోకరు: (గబగబా) దానికీ ఇన్సూరెన్సుంది అన్నా, మూడు కిస్తులు వాళ్లే కడతారు! అక్కా, ఇవ్వాళ టోకెన్ ఇచ్చేయండి. సాయంత్రం ఇంకో పార్టీ వస్తోంది, వాళ్లకు చిమ్నీ అంటే పిచ్చి.

కోడలు: మాకు పిచ్చి లేదు. ఆ కిటికీకి మందపాటి తెర వేసేస్తాం. చిమ్నీ ఎనిమిది లక్షలు తీసెయ్యండి.

బ్రోకరు: తెర వేసినా వెనకాల వ్యూ ఉంటుంది కదక్కా!

కోడలు: ఉండనివ్వండి, మేం చూడం. మామా, ఆ కిటికీ ఎన్ని మూరలుంటుందో కొలవండి, తెర గుడ్డ సిరిసిల్ల నుంచి తెద్దురుగానీ.