చీరల కొట్టులో తలకిందుల సలహాలు

చీరల షోరూంలో కొత్తగా చేరిన పిల్లలకు మొదటి వారంలోనే ఒక పాఠం చెబుతారు. మగపిల్లలు సరుకు గురించి చెప్పాలి, ఆడపిల్లలు వరస కలిపి మాట్లాడాలి. నేత గురించి మగవాడు చెబితే నమ్ముతారు, ఆడపిల్ల "అక్కా" అంటే కొంటారు. ఈ పాఠాన్ని పక్కన పెట్టేయండి. పెట్టి, దానికి సరిగ్గా ఎదురు నడవండి. సూపర్‌వైజరు కోప్పడతాడు. మొదటి నెల మీ అమ్మకం తగ్గినా తగ్గొచ్చు. తగ్గనివ్వండి.

ఈ పాఠం ఎక్కడిదో ముందు చెప్పాలి. 1990లో అమెరికా భాషాశాస్త్రవేత్త డెబొరా టానెన్ ఒక పుస్తకం రాశారు. మగవాళ్లు మాటను సమాచారం చెప్పడానికి, తమ స్థాయి నిలబెట్టుకోవడానికి వాడతారని, ఆడవాళ్లు బంధం కలుపుకోవడానికి వాడతారని ఆమె వాదన. రెండేళ్లకు జాన్ గ్రే వచ్చి మగవాళ్లది అంగారక గ్రహం, ఆడవాళ్లది శుక్ర గ్రహం అన్నాడు. ఆ పుస్తకం విపరీతంగా అమ్ముడైంది. మొగుడూ పెళ్లాల మాటల గురించి పుట్టిన ఆలోచన ట్రైనింగు క్లాసుల్లో దూరి, కౌంటరు వెనక ఎవరు ఏం మాట్లాడాలో శాసించేదాకా వచ్చింది.

ఆడవాళ్లు మెత్తగానే మాట్లాడతారని నమ్మేవాళ్లు తెల్లవారుజామున విశాఖపట్నం ఫిషింగ్ హార్బరుకు వెళ్లాలి. బోటు దిగిన చేపను వేలంలో పాడుకుని, తట్ట నెత్తిన పెట్టుకుని వీధుల్లో అమ్మే ఆడవాళ్లు ధర ఎలా చెబుతారో వినాలి. కిలో ఇంత. అంతే. "కొంచెం ఎక్కువే అనుకోండి" అన్న మాట వాళ్ల నోట రాదు. మరీ తగ్గించి అడిగితే తట్ట ఎత్తుకుని పక్కింటికి పోతారు. మంగళగిరి నుంచి చీరలు తెచ్చుకుని అపార్టుమెంటులో వాయిదాల మీద అమ్మే ఆవిడ కూడా అంతే, ధర చెప్పి టీ పెట్టడానికి లేస్తుంది. అదే ఊరి పిల్ల షోరూంలో నెల జీతానికి నిలబడగానే గొంతు మారిపోతుంది. సరుకు తనది కాదు, ధర తగ్గించే అధికారం తనకు లేదు, తప్పు జరిగితే కోత మాత్రం తన జీతంలోనే. గొంతు మారక ఏమవుతుంది?

అందుకే ఆడపిల్లలకు నా మొదటి సలహా: ధర చెప్పి ఆగిపోండి. ఏ కొట్టులోనైనా ఈ మాట వినిపిస్తుంది. "పద్నాలుగు వేల అయిదొందలు అక్కా... అంటే ప్యూర్ పట్టు కదా, అందుకని కొంచెం... డిస్కౌంటు ఏమన్నా ఉందేమో సార్‌ని అడుగుతానుండండి." వచ్చినావిడ ఇంకా నోరే తెరవలేదు. ఈలోపే ధర ఎక్కువని ఒప్పుకున్నాం, తగ్గుతుందని చెప్పాం, తగ్గించేది నేను కాదనీ చెప్పేశాం. ఇన్ని చెప్పాక కూడా బేరం ఆడకపోతే అది ఆవిడ అమాయకత్వం.

"పద్నాలుగు వేల అయిదొందలు" అనండి. చేతులు చీర మీదే ఉంచండి. ఆవిడ కొంగు తిరగేస్తుంది, జరీ మీద వేలు రాసి చూస్తుంది, పక్కనున్న ఆడపడుచు మొహం చూస్తుంది. ఆ కాసేపూ ఆవిడ మనసులో లెక్క వేసుకుంటోంది. మధ్యలో మాట్లాడితే ఆ లెక్క చెడగొట్టినవాళ్లమవుతాం. మీకు చాలాసేపు గడిచినట్టు ఉంటుంది. గడవనివ్వండి.

ఈ "కొంచెం", "అనుకుంటా", "ఏమో"లు ఆడవాళ్ల సహజమైన మాటతీరని 1970లలో చాలామంది నమ్మారు. విలియం ఓ'బార్, బోమన్ ఆట్కిన్స్ అనే ఇద్దరు పరిశోధకులు నార్త్ కరోలినా కోర్టుల్లో సాక్షుల మాటలు విని, 1980లో తేల్చింది వేరు. అలా నసిగేవాళ్లలో మగవాళ్లూ ఉన్నారు. గట్టిగా మాట్లాడేవాళ్లలో ఆడవాళ్లూ ఉన్నారు. తేడా సమాజంలో స్థాయిని బట్టి, కోర్టు అలవాటును బట్టి వచ్చింది. నా దృష్టిలో సేల్స్ ట్రైనింగు ఇచ్చే ప్రతివాడూ ముందు చదవాల్సింది ఇది.

రెండోది కూడా ఆడపిల్లలకే. నేత గురించి అడిగితే "అన్నా, ఒకసారి రా" అని పిలవకండి. నేర్చుకుని మీరే చెప్పండి. గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు, రెండింటినీ మగ్గం మీదే కలిపి నేస్తారు. పోచంపల్లిలో నేతకు ముందే దారానికి ముడులు కట్టి రంగులద్దుతారు. ఉప్పాడ జాందానీ బుటా చీరకు రెండు వైపులా ఒకేలా కనిపిస్తుంది. తిరగేసి చూపించండి, చెప్పాల్సిన పని కూడా ఉండదు. సిల్క్ మార్క్ లేబుల్ 2004 నుంచి ఉంది, అది దేనికి హామీయో చెప్పండి: పట్టుకే, జరీకి కాదు. ఇంత చెప్పిన పిల్లను "నీకేం తెలుసమ్మా, ఓనర్ని పిలువు" అనేవాళ్లు ఇంకా ఉంటారు. ఓనరొచ్చి అదే మాట చెబుతాడు. రెండుసార్లు అలా జరిగితే మూడోసారి మిమ్మల్నే అడుగుతారు.

మగపిల్లలకు చెప్పేది దీనికి ఎదురు. చీర విప్పి మీ చొక్కా మీదే వేసుకుని, కుచ్చిళ్లు పోసి, పవిట వేసి చూపించడం మానేయండి. అది మన కొట్లలో పెద్ద విద్య, నాకు తెలుసు. క్షణంలో కుచ్చిళ్లు పడతాయి, అందరూ చూస్తారు. కానీ ఆ కాసేపూ చూసేది మిమ్మల్ని. చీర ఎవరికి, దేనికి అన్నది మీరు ఇంకా అడగనే లేదు. కూతురి నిశ్చితార్థానికా, వియ్యాలవారి పెట్టుబడి చీరలకా, వరలక్ష్మీ వ్రతానికా? పెట్టుబడికి వచ్చినావిడకు కావలసింది ఇరవై చీరలు ఒకే ధరలో, ఎవరూ తక్కువ చేశారనుకోకుండా. ఆమె ముందు ధర్మవరం పట్టు గుట్టలు పోయడం వృథా. అడగండి. అడిగాక జవాబు పూర్తయ్యేదాకా మరో చీర మీద చెయ్యి వేయకండి. తెలియనిది అడిగితే "తెలీదమ్మా, కనుక్కుని చెబుతా" అనండి. కొట్టులో మగవాడి నోట ఈ మాట అరుదు. తెలియకపోయినా ఏదో ఒకటి ధీమాగా చెప్పడమే మగపిల్లలకు నేర్పాం, అందుకే చీరలు వెనక్కొస్తున్నాయి.

ఆడా మగా ఇద్దరికీ: ధర భర్త వైపు తిరిగి చెప్పకండి. ఆయనకు కుర్చీ వేయండి, మంచినీళ్లివ్వండి. రంగు, అంచు, నేత అన్నీ ఆవిడతో మాట్లాడి, అంకె దగ్గరకొచ్చేసరికి "సార్" వైపు తిరగడం ఎంత అవమానమో ఆవిడ పైకి అనదు. జేబు ఆయనదే కావచ్చు, ఆవిడదీ కావచ్చు. అది మీ పని కాదు. చీర ఎవరు పట్టుకున్నారో ధర వారికే.

బాగాలేని చీరను బాగాలేదనండి. అద్దం ముందు భుజం మీద వేసుకుని "ఎలా ఉంది?" అంటే, "ఈ రంగు మీ మొహాన్ని చిన్నబుచ్చుతోందమ్మా" అని చెప్పగల గుమస్తా కోసం జనం ఊరు దాటి వస్తారు. ఇది మగపిల్లలు చెబితే పొగరంటారు, ఆడపిల్లలు చెబితే అసూయంటారు. అన్నా సరే చెప్పండి.

నవ్వు గురించి నా సలహా చాలామందికి నచ్చదు. ఆడపిల్లలూ, నవ్వు రాకపోతే నవ్వకండి. అమెరికా సామాజిక శాస్త్రవేత్త ఆర్లీ హోక్‌షీల్డ్ 1983లో విమాన సిబ్బంది గురించి రాసిన పుస్తకంలో, జీతంలో భాగంగా అరువు తెచ్చుకునే నవ్వు కూడా శ్రమేనని చెప్పారు. అదే పుస్తకంలో బాకీలు వసూలు చేసేవాళ్ల గురించీ ఉంది, వాళ్ల ఉద్యోగం కోపం తెచ్చుకోవడం. కొట్టులో ఆ శ్రమంతా ఆడపిల్లల మీదే పడుతోంది. మగపిల్లాడు మామూలు మొహంతో నిలబడితే పనిమంతుడంటారు, ఆడపిల్ల నిలబడితే కంప్లైంటు. మర్యాద చాలు.

విప్పినవాళ్లే మడవాలి. చాలా కొట్లలో మగవాడు నలభై చీరలు విప్పి పరుస్తాడు, గిరాకీ వెళ్లిపోయాక ఆడపిల్ల కూర్చుని మడతలు పెడుతుంది. ఈలోపు అతను ఇంకో గిరాకీని పట్టుకుంటాడు, అమ్మకం అతని పేరున పడుతుంది. నెలాఖరున ఇన్సెంటివ్ షీటు చూసి "మగపిల్లలే బాగా అమ్ముతున్నారు" అంటారు. జరీ విరగకుండా, పాత మడత మీద మడత పడకుండా పెట్టడం నేర్పు కావాల్సిన పని. ఆ నేర్పు ఏ షీటులోనూ ఎక్కదు. విప్పిన మనిషే మడవాలన్న రూలు పెడితే మొదట తగ్గేది విప్పే చీరల సంఖ్య. మగపిల్లలు అడగడం, వినడం వాటంతట అవే మొదలవుతాయి.

యజమానులకు రెండే మాటలు. ఇన్సెంటివ్ మనిషికి కాదు, కౌంటరుకివ్వండి. అక్కడున్న అందరూ, మడతలు పెట్టినవాళ్లతో సహా, పంచుకుంటారు.

రెండోది స్టూళ్లు. కోజికోడ్ బట్టల కొట్లలో పనిచేసే ఆడవాళ్లు కూర్చునే హక్కు కోసం పోరాడారు, పి. విజి ముందు నిలిచారు. 2018లో కేరళ చట్టం మార్చింది, 2021లో తమిళనాడు అదే దారి పట్టింది. కాళ్లు లాగుతున్న మనిషి మాట ఆడదైనా మగవాడైనా ఒకేలా ఉంటుంది: పొట్టిగా, తొందరగా, ఈ గిరాకీ వెళితే బాగుండునన్నట్టు. కౌంటరు వెనక ఇద్దరికి ఒక స్టూలు లెక్కన వేయండి. ఆషాఢం సేల్ బోర్డు పెట్టకముందే వేయండి.